ఎరీచె: గుడి పోయింది, గోడ నిలిచింది

ఇటలీలోని సిసిలీ ద్వీపం పడమటి కొసన, త్రాపని పట్నానికి పైన 750 మీటర్ల ఎత్తులో ఉంది ఎరీచె. కింది నుంచి రోప్‌వే ఉంది. మేము వెళ్ళిన రోజు గాలి ఎక్కువగా ఉందని ఆపేశారు. బస్సులో మలుపులన్నీ తిరిగి పైకి చేరేసరికి మా అమ్మకి కళ్ళు తిరిగాయి. బయల్దేరే ముందే రోప్‌వే నడుస్తోందో లేదో కనుక్కోండి.

అందరూ ముందు పరుగెత్తేది వీనస్ కోటకి. ఇక్కడి పూర్వకాలపు ప్రజలైన ఎలిమియన్లు కొలిచిన దేవతను ఫినీషియన్లు అస్తార్తె అన్నారు, గ్రీకులు అఫ్రొడైటి అన్నారు, రోమన్లు వీనస్ అన్నారు. పేరు మారినా కొండ మారలేదు. కానీ గుడి కోసం వెళ్తే నిరాశే. 12వ శతాబ్దంలో నార్మన్లు ఆ చోటే కోట కట్టారు. లోపల కాసిని పునాదులు, ఒక బావి లాంటి గుంట మిగిలాయి, అంతే. అయినా టికెట్ డబ్బులు వృథా అనను. అక్కడి నుంచి ఎగాది దీవులు కనిపిస్తాయి.

ఆ దీవుల దగ్గరే క్రీ.పూ. 241లో రోమన్లు ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ నౌకాదళాన్ని ఓడించారు. అప్పటికి కార్తేజ్ సేనాని హమిల్కార్ (రోమ్‌ని తర్వాత వణికించిన హన్నిబాల్ తండ్రి) మూడేళ్ళుగా ఈ కొండ మీదే ఉన్నాడు. శిఖరం మీద గుడి దగ్గరా రోమన్లే, కొండ కిందా రోమన్లే, మధ్యలో ఊరు పట్టుకుని ఆయన! ఇక్కడ ఆయన్ని ఎవరూ ఓడించలేకపోయారు. సముద్రం మీద ఓడిపోయాక సంధి కుదిరితేనే దిగాడు. ఆ గాలిలో నిలబడి ఇది తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

నా మనసు దోచింది మాత్రం ఊరి పాత ప్రాకారం. టికెట్ లేదు, జనమూ లేరు. కార్మినె ద్వారం నుంచి స్పాదా ద్వారం వైపు గోడ వెంట నడవండి. అడుగు వరుసల్లో పెద్ద పెద్ద బండలు, కొన్నిటి మీద ఫినీషియన్ అక్షరాలు చెక్కి ఉన్నాయి. వెతికి పట్టుకోవడానికి ఓపిక కావాలి. మాకు రెండే దొరికాయి. రాళ్ళ బాటలు నున్నగా అరిగిపోయాయి, తడిస్తే జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి.

బస త్రాపనిలో చవక, కానీ ఒక రాత్రి పైనే ఉండమంటాను. మా గదిలో హీటర్ సరిగా పనిచేయలేదు, రెండు దుప్పట్లు కప్పుకున్నాం. సాయంత్రం టూరిస్టులు దిగిపోయాక పొగమంచు వీధుల్లోకి వచ్చేసింది. బేకరీలో వేడివేడి జెనొవేసె అనే తీపి పేస్ట్రీలు కొనుక్కుని, లోపలి క్రీమ్‌తో నాలుక కాల్చుకుంటూ, అమ్మా నేనూ మళ్ళీ ఆ గోడ దగ్గరికే వెళ్ళాం.