సీఐడబ్ల్యూఏ-ఏఆర్ కొలమానం: వాడుకలో తేలిన మంచిచెడ్డలు

మద్యం మానిన రోగిలో కనిపించే ఉపసంహరణ లక్షణాల తీవ్రతను అంచనా వేసేందుకు 1989లో వెలువడిన ఈ కొలమానంలో వికారం, వణుకు, చెమటలు, ఆందోళన, భ్రమలు, తలనొప్పి వంటి 10 అంశాలకు మార్కులు వేసి కూడితే గరిష్ఠంగా 67 వస్తాయి. అయిదు నిమిషాల పని. సాధారణంగా 8 లోపు స్వల్పమనీ, 15 దాటితే తీవ్రమనీ లెక్కిస్తారు.

చాచిన చేతుల వణుకును కంటితో చూసి మార్కు వేయవచ్చు గాని, తలనొప్పి, భ్రమల వంటివి రోగి చెప్పే మాట మీదే ఆధారపడతాయి కనుక, జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నవారి విషయంలో ఈ మొత్తాన్ని నమ్మలేము. నాడి వేగం, రక్తపోటు మార్కుల్లో కలవవు (వాటిని విడిగా రాసుకోవలసిందే). గతంలో మూర్ఛలు వచ్చాయా అన్న ప్రశ్న లేకపోవడం మాత్రం నాకు పెద్ద లోపంగానే తోచింది. ఇతర జబ్బుల వల్ల కలిగే వణుకు, చెమటలు కూడా మార్కులను పెంచుతాయి కాబట్టి, కారణం మద్యమేనని తేల్చుకున్నాకే దీన్ని వాడాలి.