ముక్కు శాంపిలా, మురుగు నీళ్లా?

కరోనా కొత్త వేరియంట్ ఊళ్లోకి వచ్చిందని ముందు చెప్పేది ఎవరు? పేషెంటా, డ్రైనేజీయా?

ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో సాధారణంగా ఒక్క మనిషి వైరసే ఉంటుంది. కరోనా జన్యుక్రమంలో దాదాపు 30 వేల అక్షరాలు. వాటిని వరుసగా చదివితే ఏయే మార్పులు ఒకే వైరస్‌లో కలిసి ఉన్నాయో తేలిపోతుంది. 2021 మార్చిలో అందరం టెన్షన్ పడ్డ 'డబుల్ మ్యూటెంట్' (రెండు ముఖ్యమైన మార్పులు కలిసి ఉన్న వైరస్) మహారాష్ట్ర శాంపిళ్లలో పెరుగుతోందని, దేశంలో కరోనా జన్యుక్రమాలను చదివే ల్యాబుల కూటమి ఇన్సాకాగ్ చెప్పింది ఇలాగే. పేషెంటు వయసు, టీకా, ప్రయాణాల వివరాలూ జతచేసి చూడొచ్చు. చిక్కల్లా, జనం టెస్టుకు రావాలి. జలుబే కదా అని పారాసిటమాల్ వేసుకుని పడుకున్నవాడు లెక్కలోకి రాడు.

మురుగుకు ఆ బెడద లేదు. లక్షణాలు లేనివాళ్ల మలంలోనూ వైరస్ బయటికొస్తుంది. 2020లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, ఐఐసీటీ అక్కడి మురుగును పరీక్షించి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టాయి. సిటీ వరకైతే నా ఓటు దీనికే, ముందస్తు హెచ్చరికగా.

కాకపోతే అందులో ఎందరివో వైరస్ ముక్కలు కలగాపులగంగా ఉంటాయి. ఏ మార్పు దేనితో కలిసి వచ్చిందో సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేసుకోవాల్సిందే. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు ఉన్న పల్లెలో అసలు శాంపిల్ ఎక్కడ తీస్తాం?