జిప్సీ కింగ్ ఎంపీఎఫ్ఐ: ముందు కింగ్‌పిన్, తర్వాతే టైర్లు

మారుతి జిప్సీ కొన్నవాళ్లు మొదట మార్చేవి టైర్లు. ఆఖరికి, అదీ స్టీరింగ్ చేతిలో నిలవనప్పుడు, చూసేవి కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన ఇరుసు) బేరింగులు. ఈ వరస తలకిందులు చేస్తే ఖర్చు సగానికి సగం మిగులుతుంది. మట్టి దారుల్లో, ఇసుకలో, చిన్నాచితకా టీఎస్‌డీ (ఇచ్చిన సగటు వేగంతో సరిగ్గా సమయానికి చేరాల్సిన) ర్యాలీల్లో ఏళ్ల తరబడి వాడాక తేలిన మాట ఇది.

ఏ బండి గురించో ముందే చెప్పాలి. జిప్సీ పేరుతో మూడు రకాలు తిరుగుతున్నాయి. 1985లో వచ్చింది 970 సీసీ, 4 గేర్ల బండి. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో కింగ్ వచ్చింది, అది కార్బొరేటర్ బండి. 2000 నుంచి 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పంపే బండి. 6000 ఆర్‌పీఎం దగ్గర 80 హార్స్‌పవర్, 4500 దగ్గర 103 న్యూటన్ మీటర్ల టార్క్. ఈ సమీక్ష ఆ మూడోదాని గురించి, అందులోనూ సాఫ్ట్ టాప్ గురించి. బరువు 985 కేజీలు. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, ఈ బండికున్న బలమంతా అందులోనే ఉంది. బరువైన బళ్లు దిగబడే చోట ఇది తేలిపోతుంది. దిగబడినా నలుగురు నెడితే కదులుతుంది. అలాంటిదానికి స్టీలు బంపర్, విన్చ్, రూఫ్ క్యారియర్, రెండో స్టెప్నీ తగిలించి 150 కేజీలు ఎక్కించి, ఆ తర్వాత ఇంజిన్ లాగడం లేదని బాధపడేవాళ్లే ఎక్కువ. 80 హార్స్‌పవర్‌కు 150 కేజీలంటే మాటలు కాదు.

కొనేటప్పుడు ఇంజిన్ శబ్దం వింటూ కూర్చోవద్దు. ఇంజిన్ బాగుచేయించడం తేలిక. ఛాసిస్ తుప్పు పడితే మాత్రం కష్టం. వెనక చక్రాల వెనకాల, కమాను (లీఫ్ స్ప్రింగ్) షాకిల్ (కమాను చివరను ఛాసిస్‌కు కలిపే ఊగే ముక్క) తగిలే చోట ఛాసిస్‌ను సుత్తితో తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు చప్పగా పలుకుతుంది. కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకాస్త గట్టిగా తట్టండి. బాడీ మౌంటు రబ్బర్ల చుట్టూ, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తి కూడా చూడాలి. సైన్యం వేలంలో వచ్చిన బళ్లలో ఇంజిన్ తక్కువ తిరిగి ఉండొచ్చు, కానీ ఆర్‌సీ, ఛాసిస్ నంబరు సరిపోలాయో లేదో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇక స్టీరింగ్. 60, 70 స్పీడులో చిన్న గుంత తగలగానే ముందు చక్రాలు గడగడా కొట్టుకుంటాయి, స్టీరింగ్ చేతుల్లో ఊగిపోతుంది, బండి దాదాపు ఆగేదాకా ఆ ఊపు ఆగదు. చాలా షెడ్లలో దీనికి చెప్పే మందు స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే చిన్న షాకబ్జర్). డ్యాంపర్ వేస్తే జబ్బు కనపడదు, అంతే. అసలు కారణం పట్టుకోవాలంటే ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికీ బయటికీ ఊపాలి. ఆట ఉందనుకోండి, లోపల కూర్చున్న మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్. తొక్కినా అలాగే ఉంటే కింగ్‌పిన్. తర్వాత చేతులు పక్కలకు మార్చి ఊపితే టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్ల సంగతి తెలుస్తుంది.

ఒక్కో వైపు పైన ఒకటి, కింద ఒకటి చిన్న టేపర్ బేరింగులు ఉంటాయి. నకల్ (చక్రాన్ని మోస్తూ స్టీరింగ్‌తో తిరిగే భాగం) విప్పి పాత బేరింగు కప్పులు పంచ్‌తో కొట్టి తీసి, కొత్తవి కూర్చోబెట్టి, గ్రీజు నింపి బిగించాలి. చాలామంది మెకానిక్‌లు ఇక్కడితో ఆపేస్తారు. ఆపకూడదు. కింగ్‌పిన్ అంచు కింద పల్చటి షిమ్‌లు (సందు సరిచేసే రేకు ముక్కలు) ఉంటాయి. గుండ్రటి ఆయిల్ సీల్ బిగించక ముందే, నకల్‌కు టై రాడ్ తగిలే రంధ్రంలో స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి లాగాలి. 1 నుంచి 1.8 కేజీల మధ్య నకల్ కదలడం మొదలవ్వాలి. అంతకంటే తేలిగ్గా కదిలితే ఒక షిమ్ తీయాలి, బిగుసుకుంటే ఒకటి కలపాలి. కూరగాయల బండి మీద దొరికే కొక్కెం త్రాసు చాలు. ఈ పని చేయించకుండా కొత్త బేరింగులు వేయిస్తే 5 వేల కిలోమీటర్లకే మళ్లీ ఊపు మొదలవుతుంది. అంత విప్పాక లోపలి యాక్సిల్ ఆయిల్ సీల్ కూడా మార్చేయండి. అది కారితే యాక్సిల్ హౌసింగ్ ఆయిల్ నకల్‌లోకి వచ్చి గ్రీజును పల్చన చేసి, చక్రం లోపలి వైపు నల్లటి చారలా దిగుతుంది.

కమాన్ పట్టీల దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే. బండి ఎత్తు కోసం ఒక పట్టీ అదనంగా వేస్తారు. ఖాళీ జిప్సీ అసలే గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. ఇంకో పట్టీ వేస్తే కమాను వంగదు, చక్రం నేల వదిలేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి ఫోర్ వీల్ ఇచ్చి ఏం లాభం? పట్టీల సంఖ్య పెంచకుండా వంపు పెంచి చేయించుకోవడమే దారి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాన్లు కట్టేవాళ్లు పాత కొలత ఇస్తే చేసిస్తారు. అయితే లారీ లెక్కలో మందం పెంచకుండా దగ్గరుండి చూసుకోవాలి.

ఎత్తు 2 అంగుళాలకు మించకూడదు. కారణం బ్రేకు గొట్టాలు చాలకపోవడం ఒక్కటే కాదు. పొడవాటి షాకిళ్లతో ఎత్తు పెంచుదామంటే 2 అంగుళాల పొడవుకు వచ్చేది 1 అంగుళం ఎత్తే. పైగా జిప్సీకి ముందు కమాను షాకిల్ ముందు వైపే ఉంటుంది. దాన్ని పొడిగిస్తే యాక్సిల్ ముందుకు తిరిగి క్యాస్టర్ (కింగ్‌పిన్ వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది, స్టీరింగ్ తనంతట తాను సూటిగా రావడం మానేస్తుంది. వెడ్జ్ ప్లేట్లతో (కమానుకీ యాక్సిల్‌కీ మధ్య పెట్టే ఏటవాలు రేకులతో) క్యాస్టర్ వెనక్కి తెచ్చారనుకోండి, అప్పుడు డిఫరెన్షియల్ పినియన్ మూతి కిందికి దిగుతుంది, జాయింట్ రాడ్డు (యాక్సిల్‌కు తిరుగుడు అందించే షాఫ్టు) కోణం పెరిగి దాని కీళ్లైన క్రాసులు త్వరగా పోతాయి. ఒకటి దిద్దితే ఇంకోటి చెడుతుంది. 2 అంగుళాల లోపు ఈ గొడవ ఉండదు.

కమానును యాక్సిల్‌కు బిగించే యూ క్లాంపుల విషయం చిన్నదే కానీ ర్యాలీ మధ్యలో బండి ఆగిపోయేది దీనివల్లే. కొత్త కమాను కూర్చునే కొద్దీ క్లాంపు వదులవుతుంది. వదులైతే పట్టీలు జరుగుతాయి, ఆ తోపంతా పట్టీలను కలిపి పట్టే మధ్య బోల్టు మీద పడి అది తెగుతుంది, యాక్సిల్ ఒక పక్క వెనక్కి జారుతుంది. మొదటి 100 కిలోమీటర్లకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి ఈవెంట్‌కు ముందు బిగించాలి. డబ్బు పెట్టాలనుకుంటే షాకబ్జర్ల మీద పెట్టండి. గతుకుల మట్టిరోడ్డు మీద 20 నిమిషాలు తోలితే మామూలు షాకులు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, పని చేయడం మానేస్తాయి.

టైర్లు ఇప్పుడు. 205/70 ఆర్ 15 ఎత్తు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్ 15 వేస్తే 703, అంటే 5 శాతం పెరిగినట్టు. ఇది ఈ ఇంజిన్‌కు సరైన కొలత, కోతలూ అక్కర్లేదు. 235/75 ఆర్ 15 అయితే 733, దాదాపు 10 శాతం. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. ఐదో గేరు మాత్రం ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా పనికిరాదు. ఇంకా పెద్దవి వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, ఫోర్ వీల్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ముందు యాక్సిల్ సీవీ జాయింట్ (తిరిగే చక్రానికి శక్తినిచ్చే కీలు) ఠప్పుమంటుంది. టైర్లలో గాలి, తారు రోడ్డు మీద 26 పీఎస్ఐ, కంకర మట్టిలో 22, ఇసుకలో 15. 12 కంటే దిగితే మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. మన నల్లరేగడిలో మాత్రం ఏ టైరైనా ఒకటే. నాలుగు చుట్లు తిరిగేసరికి గాళ్లన్నీ నిండి నున్నటి గుండు అవుతుంది. అక్కడ గాలి తగ్గించడం కంటే ఆగకుండా, చక్రం కాస్త వేగంగా తిప్పుతూ మట్టిని విసిరేయించుకోవడమే మార్గం. వికారాబాద్ వైపు ఎర్రమట్టిలో ఆ బాధ తక్కువ.

ఫోర్ వీల్ వాడకంలో ఒక మాట. దీనికి సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేది) లేదు. ఆరిన తారు మీద ఫోర్ వీల్‌లో మలుపులు తిప్పితే ముందు వెనక షాఫ్టులు మెలిపడి లీవర్ బయటికి రాదు. బలవంతం చేయకండి. నాలుగు మీటర్లు రివర్స్ పోతే వదులుతుంది. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలను యాక్సిల్ నుంచి విడదీసే, కలిపే మూతలు) ఉన్న బండైతే స్టేజీ (ర్యాలీలో ఒక భాగం) మొదలు కాకముందే దిగి లాక్ చేయాలి. హబ్బు లాక్ చేయకుండా లీవర్ వేసి, ఫోర్ వీల్ పనిచేయడం లేదని గేర్‌బాక్స్ విప్పించిన సందర్భాలు షెడ్డులో కథలుగా చెప్పుకుంటారు. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) గేర్‌బాక్స్‌కు అంటుకోకుండా విడిగా మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. ఆ రబ్బరు చీలితే కదిలేటప్పుడు కాళ్ల కింద గుర్రుమని వణుకు. క్లచ్ పోయిందని పొరబడతారు.

ఇంజిన్ మార్పిడి గురించి తప్పకుండా అడుగుతారు. తొలి తరం బలేనో 1.6 ఇంజిన్, 94 హార్స్‌పవర్, ఇందులో పట్టుద్ది. అవసరమా అంటే, సరదా ర్యాలీలకు అవసరం లేదు. రేడియేటర్ చాలదు, ఆర్‌సీలో నమోదు చేయించాలి, పోటీలో మీ క్లాసు మారుతుంది. ఉన్న ఇంజిన్‌కే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, థర్మోస్టాట్ మార్చి, రేడియేటర్ విప్పి కడిగించండి, 3000 ఆర్‌పీఎం పైన తిప్పడం అలవాటు చేసుకోండి. ఇది తక్కువ ఆర్‌పీఎంలో లాగే ఇంజిన్ కాదు. చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి విరుద్ధంగా మార్చకూడదు. బుల్ బార్ల (బండి ముందు బిగించే ఇనుప కమ్మీల) మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. విప్పి మళ్లీ పాతవి బిగించగలిగే మార్పులకే పరిమితమైతే ఫిట్‌నెస్ రోజున తలనొప్పి ఉండదు.

టీఎస్‌డీలో వేగం కాదు, లెక్క గెలుస్తుంది. జిప్సీ స్పీడోమీటర్ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వస్తుంది కాబట్టి టైరు పెరిగితే మీటరు తక్కువ చూపిస్తుంది. నిర్వాహకులు ఇచ్చిన దూరం 12.60 ఉండి మీ మీటరు 12.00 చూపితే, మీటరు అంకెను గుణించాల్సిన గుణకం 1.05. దీన్ని వదిలేస్తే ఏమవుతుందో చూడండి. సగటు 36 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు 100 సెకన్లు. మీటరు మీద 20 చూసి 2000 సెకన్లకు వచ్చామనుకుంటారు. నిజానికి మీరు 21వ కిలోమీటరు దగ్గర ఉన్నారు, 100 సెకన్లు ముందు. ముందు వచ్చినందుకు చాలా ఈవెంట్లలో ఆలస్యం కంటే పెద్ద జరిమానా. పక్క సీటు మనిషికి ఈ గుణకారం నోటికి రావాలి, లేదా రాత్రే పట్టిక రాసుకోవాలి.

స్పీడ్ స్టేజీలకు (వేగమే గెలిచే పోటీలకు) వెళ్దామనుకుంటే రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే పైపుల గూడు) లేకుండా వద్దు. బైకుల సామాన్ల షాపు పైపు కాదు, సీమ్‌లెస్ కోల్డ్ డ్రాన్ ట్యూబు. ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) కొలతల్లో ప్రధాన కమ్మీ 45 × 2.5 లేదా 50 × 2 మిల్లీమీటర్లు, మిగతావి 38 × 2.5 లేదా 40 × 2. బాడీకి బిగించే చోట 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు, 8.8 గ్రేడు ఎం8 బోల్టులు కనీసం మూడు. పల్చటి ఫ్లోరు రేకుకు నేరుగా వెల్డింగ్ కొట్టిన కేజ్ బోల్తా పడితే రేకును చించుకుని లోపలికి దిగుతుంది.

నచ్చనివి తక్కువేం కాదు. వెనక డ్రమ్ముల్లో బురద చేరితే బ్రేకు ఒక పక్క లాగుతుంది, ప్రతి ఈవెంట్ తర్వాత విప్పి కడగాల్సిందే. ట్యాంకు 40 లీటర్లు. హైవేలో లీటరుకు 10 వచ్చినా, ఇసుకలో లో గేరులో 5 కూడా రాదు. తయారీ ఆగిపోయాక స్పేర్ల ధరలు ఎక్కాయి, నకిలీ బేరింగులూ ఎక్కువయ్యాయి. కొత్త జిమ్నీ సామాను దీనికి పట్టదు, అది కాయిల్ స్ప్రింగుల బండి. దారిలో పెట్టుకోవాల్సినవి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఒక పెద్ద పట్టీ, రెండు యూ క్లాంపులు, మధ్య బోల్టులు, ఫ్యాన్ బెల్టు.

ఆయిళ్లు గేర్‌బాక్స్‌లో 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్‌లో 0.8, ముందు హౌసింగ్‌లో 2, వెనక 1.5. వాగు దాటేటప్పుడు వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారి చల్లబడి బ్రీతర్ (గాలి రంధ్రం) గుండా నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీతర్లకు పెట్రోలు పైపు తగిలించి బానెట్ కింద దాకా తెచ్చి కట్టేస్తే ఆ గొడవ ఉండదు. తేకపోతే, వాగు దాటిన మర్నాడు పొద్దున బండి కదపకముందే డ్రెయిన్ ప్లగ్గు కొద్దిగా వదులు చేసి చూడండి. నీళ్లు అడుగుకు దిగి ఉంటాయి కాబట్టి ముందు అవే వస్తాయి. తెల్లగా పాలలా కారితే మాత్రం మొత్తం దించేసి, కొత్త ఆయిల్ పోసి 50 కిలోమీటర్లు తోలి, మళ్లీ దించి పోయాలి.