కొన్నేళ్లు వాడాక కార్డ్‌లెస్ సర్క్యులర్ సా: నేను ముందు చూసేది గార్డునే

18 వోల్టుల బ్యాటరీ, 165 మిల్లీమీటర్ల బ్లేడు, బ్రష్‌లెస్ మోటారు ఉన్న సర్క్యులర్ సాను, అంటే గుండ్రటి బ్లేడు తిరుగుతూ చెక్క కోసే రంపాన్ని, కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఎక్కువగా ప్లైవుడ్, అప్పుడప్పుడూ గట్టి చెక్క కోస్తాను. కోతలో వంక పెట్టడానికేమీ లేదు, వైరు కాళ్లకు అడ్డం పడదు, కార్బన్ బ్రష్‌లు మార్చే పనీ లేదు. కొనేవాళ్లు అందరూ పవర్ గురించే అడుగుతారు గానీ, ఇంతకాలం వాడాక నేను రోజూ పట్టించుకునేది మాత్రం కింది గార్డునే, అంటే బ్లేడు కింది భాగాన్ని కప్పి ఉంచే, స్ప్రింగుతో దానంతట అదే మూసుకునే కవచాన్ని.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీసేసి, లివరుతో గార్డును పూర్తిగా వెనక్కి లాగి వదులుతాను. టక్కున మూసుకోవాలి. చెక్క మీద ఆనే బేస్ ప్లేటును 45 డిగ్రీలకు వంచి ఒకసారి, కోత లోతు మార్చి ఇంకోసారి కూడా చూస్తాను, ఎందుకంటే నిటారుగా ఉన్నప్పుడు బాగానే పనిచేసే గార్డు వంచినప్పుడు పట్టేయొచ్చు. నెమ్మదిగా వచ్చినా, మధ్యలో ఆగినా ఆ మెషీన్‌తో కోయను. చాలాసార్లు కారణం లోపల పేరుకున్న పొట్టు, చెక్క బంకే, పొడి బ్రష్‌తో దులిపితే సరిపోతుంది. అక్కడ నూనె మాత్రం వేయకండి, పొట్టు దానికి అంటుకుని ముద్దకడుతుంది. శుభ్రం చేసినా అలాగే ఉంటే స్ప్రింగు బలహీనపడిందో గార్డు వంగిందో అన్నమాట, సర్వీసుకు ఇచ్చేయాలి. గార్డు అడ్డమని చెక్కముక్క దూర్చి తెరిచి ఉంచేవాళ్లను చూస్తే నిజంగా టెన్షన్ వస్తుంది. ఇంకా తిరుగుతున్న బ్లేడును అలా కింద పెడితే మెషీన్ తనంతట తనే వెనక్కి పరిగెడుతుంది, దారిలో కాలున్నా చెయ్యున్నా కోసేస్తుంది.

ప్లగ్ లేదు కాబట్టి కరెంటు లేదనే భ్రమ కార్డ్‌లెస్ మెషీన్లతో సులువుగా కలుగుతుంది. బ్యాటరీ ఉన్నంతసేపూ అది నడవడానికి సిద్ధంగా ఉన్నట్టే, బ్లేడు దగ్గరికి వేలు పోయే ఏ పనికైనా ముందు బ్యాటరీ బయటికి రావాలి.

బ్లేడు మార్చేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకుంటాను, కోసేటప్పుడు మాత్రం వదులు గ్లౌజులు వద్దు. బోల్టు మామూలుగా బ్లేడు తిరిగే దిశలోనే తిప్పితే ఊడుతుంది, ఇది తెలియక అటు తిప్పి ఇటు తిప్పి తల అరగదీసేవాళ్లున్నారు. బ్లేడును రెండు వైపులా నొక్కి పట్టే ఫ్లాంజీలను (గుండ్రటి బిళ్లలను) గుడ్డతో తుడవాలి, మధ్యలో చిన్న పొట్టు రేణువు ఉన్నా బ్లేడు ఊగుతుంది. కొత్త బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) మెషీన్ వేగం కంటే తక్కువ ఉండకూడదు. పళ్ల కొసలకు ఉండే గట్టి కార్బైడ్ ముక్క ఒక్కటి ఊడినా, బ్లేడులో సన్నటి పగులు కనిపించినా పక్కన పడేయండి. బిగించాక బ్లేడును ఎవరూ లేని వైపు ఉంచి అర నిమిషం ఖాళీగా తిప్పి వింటాను, చప్పుడు మారినా వణుకు వచ్చినా ఆపేసి మళ్లీ విప్పుతాను.

కోసిన అంచు నల్లబడుతోంది, తోయాల్సి వస్తోంది, బ్యాటరీ తొందరగా అయిపోతోంది అంటే బ్లేడు మొద్దుబారిందనో బంక పట్టిందనో అర్థం. ముందు విప్పి కడిగి చూడండి, చాలాసార్లు కొత్తదానిలా కోస్తుంది. మొద్దు బ్లేడుతో బలవంతంగా తోస్తే అది చెక్కలో ఇరుక్కుని మెషీన్ వెనక్కి తన్నే ప్రమాదం ఎక్కువ. కోత లోతు కూడా ఎక్కువ పెట్టకండి, చెక్క కింద బ్లేడు పన్ను ఒకటి కనిపిస్తే చాలు.

మెషీన్ కింద పడితే బేస్ ప్లేటును తప్పకుండా చూడాలి. బ్లేడుకు 90 డిగ్రీలు ఉందో లేదో మూలమట్టంతో, ముందూ వెనకా సమాంతరంగా ఉందో లేదో స్కేలుతో కొలుస్తాను. ఈ సమాంతరం తప్పితే కోత వంకర పోవడమే కాదు, వెనక పళ్లు చెక్కను ఒరుసుకుని పట్టేస్తాయి. ట్రిగ్గర్ వదిలాక బ్లేడు ఆగడానికి ముందుకంటే ఎక్కువ సమయం పడుతుంటే బ్రేకు చూపించుకోండి.

బ్యాటరీని వేడిగా ఉండగా ఛార్జింగ్ పెట్టను, చాలాకాలం వాడనప్పుడు సగం ఛార్జితో చల్లని చోట ఉంచుతాను. ఉబ్బినా, కాంటాక్టులు నల్లబడినా ఇక వాడకూడదు. విడి బ్యాటరీని మేకులున్న పెట్టెలో పడేయకండి, షార్ట్ అవుతుంది.

నాకు నచ్చనిది ఒక్కటే, పొట్టు బయటికి పోయే గొట్టం ఇరుకు. ప్లైవుడ్ ఎక్కువ కోస్తే తరచూ ఆగి దాన్ని ఖాళీ చేయాలి, మాస్కు, కళ్లద్దాలు లేకుండా కుదరదు. కొనేవాళ్లు రెండు బ్యాటరీలున్న సెట్టే తీసుకోండి, ఒకటి చల్లారేలోగా ఇంకోదానితో పని నడుస్తుంది.