సెకండ్ హ్యాండ్ ఆడి ఏ3 పెట్రోల్: ఇంజిన్‌కి భయపడక్కర్లేదు, గేర్‌బాక్స్‌ని మాత్రం గట్టిగా చూడాలి

మూడో తరం ఆడి ఏ3 (8వి అంటారు, 2012 నుంచి 2020 దాకా వచ్చింది) పాతబడినా పాతబండిలా కనిపించదు. తలుపు బరువుగా పడుతుంది, డ్యాష్‌బోర్డు కిరకిరలాడదు, హైవే మీద నిలకడగా పోతుంది. ధర కూడా బాగా దిగింది. అయితే దిగింది బండి ధర మాత్రమే, విడిభాగాల ధర కాదు. రిపేరు బిల్లు ఇప్పటికీ ప్రీమియం కారు లెక్కలోనే వస్తుంది. పైగా ఒకే బాడీ కింద మూడు నాలుగు రకాల ఇంజిన్లు, అన్ని రకాల గేర్‌బాక్సులూ ఉన్నాయి. బండి మంచిదా కాదా అనేది ఏ జోడీ దొరికిందన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఎక్కువగా అమ్మకానికి కనిపించేది 1.4 టీఎఫ్ఎస్ఐ (టర్బో పెట్రోల్ ఇంజిన్లకు ఆడి పెట్టిన పేరు). దీని పేరెత్తగానే ‘టైమింగ్ చైన్ (వాల్వులను ఇంజిన్‌తో లయలో తిప్పేది) సాగిపోతుంది’ అనేవాళ్లు ఉంటారు. ఆ చైన్ గొడవ అంతకుముందు తరంలో వాడిన ఈఏ111 ఇంజిన్‌ది. 8విలో ఉన్నది ఈఏ211, దీనికి టైమింగ్ బెల్ట్. మొత్తమ్మీద గట్టి ఇంజినే. దీని బలహీనత నీళ్ల వైపు ఉంది. వాటర్ పంపు, థర్మోస్టాట్ కలిపి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో గేర్‌బాక్స్ వైపు చివర బిగించారు. వయసు మీద పడ్డాక అక్కడి నుంచి కూలెంట్ చెమర్చడం మొదలవుతుంది. నేలమీద మరక పడేంత కారదు. టార్చి వేసి చూస్తే హౌసింగ్ కింద గులాబీ రంగు పొరలా ఎండి కనిపిస్తుంది. బండి చల్లగా ఉన్నప్పుడు ట్యాంకులో కూలెంట్ మట్టం కింది గీతకు దిగువన ఉంటే ముందు ఇక్కడే వెతకాలి.

అదే ట్యాంకులో సిలికా సంచి ఒకటి ఉంటుంది. అది చిరిగితే లోపలి గుళికలు కూలెంట్‌లో కలిసి హీటర్ సన్నని గొట్టాల్లో ఇరుక్కుంటాయి. ఎండదేశాల్లో హీటర్ వేసేవాళ్లే ఉండరు కాబట్టి ఈ సంగతి ఓనరుకే తెలియకపోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక హీటర్ పూర్తిగా పెట్టి అన్ని వెంట్ల దగ్గరా చెయ్యి పెట్టండి. ఒకవైపు వేడిగా, ఇంకోవైపు చల్లగా వస్తే అనుమానించాల్సిందే.

1.4లోనే రెండు సిలిండర్లను ఆపేసే సీఓడీ (సిలిండర్ ఆన్ డిమాండ్) రకం ఉంది. తేలిగ్గా నడిపేటప్పుడు మధ్యలోని 2, 3 సిలిండర్లు ఆగి, యాక్సిలరేటర్ తొక్కగానే మళ్లీ అందుకుంటాయి. కుదుపు తెలియకూడదు. తెలిస్తే స్పార్క్ ప్లగ్గుల దగ్గర్నుంచి వెతుక్కుంటూ రావాలి. తొలి ఏళ్ల బండ్లలో టర్బో వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే తలుపు) కడ్డీ బిగుసుకుపోవడం, గలగలలాడటం కూడా ఉంది. కాస్త తొక్కి వదిలినప్పుడు రేకు శబ్దం వస్తోందేమో వినండి.

1.8 టీఎఫ్ఎస్ఐకి చైనే. ఆయిల్ తాగే జబ్బు దీని ముందు తరం ఇంజిన్‌ది, పిస్టన్ రింగుల వల్ల వచ్చింది. 8విలో ఉన్న మూడో తరం ఈఏ888లో అది చాలావరకు నయమైంది. థర్మోస్టాట్ హౌసింగ్ లీకు మాత్రం దీనికీ తప్పలేదు. రాత్రంతా ఆగిన బండిని మీ కళ్లముందే స్టార్ట్ చేయించండి. చైన్ గలగల ఒకటి రెండు సెకన్లు దాటి వినిపిస్తే వదిలేయండి.

ఇక గేర్‌బాక్స్. 1.4కీ, ముందు చక్రాలతో నడిచే 1.8కీ వచ్చే 7 గేర్ల ఎస్ ట్రానిక్ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) పేరు డీక్యూ200. దీని క్లచ్‌లు పొడివి, 250 న్యూటన్ మీటర్ల టార్క్ దాకానే తట్టుకుంటాయి. అందుకే ఆ 1.8ని 250 దగ్గర కట్టేసి, తడి క్లచ్‌ల (ఆయిల్‌లో మునిగి తిరిగేవి) 6 గేర్ల బాక్స్ ఉన్న క్వాట్రోకి (నాలుగు చక్రాలతో నడిచేది) 280 ఇచ్చారు. ఆడి లెక్కలోనే ఏది గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

డీక్యూ200లో పోయేవి రెండు. ఒకటి క్లచ్. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించేకొద్దీ అది వేడెక్కి అరుగుతుంది. కాబట్టి ఊళ్లోనే 40 వేలు తిరిగిన బండి కన్నా హైవే మీద లక్ష తిరిగిన బండే మేలు కావచ్చు. తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. రెండోది మెకట్రానిక్, అంటే క్లచ్‌లనీ గేర్లనీ ఆయిల్ ఒత్తిడితో కదిలించే యూనిట్. అందులో ఒత్తిడిని నిలవ ఉంచే అక్యుములేటర్ పగిలితే బండి దారిలోనే డ్రైవ్ వదిలేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఈ గేర్‌బాక్స్ కోసం 2013లో చైనాలో, 2019లో ఆస్ట్రేలియాలో రీకాల్ చేసింది. చూస్తున్న బండికి రీకాల్ ఉందో లేదో, ఉంటే పని చేశారో లేదో ఛాసిస్ నంబరుతో కనుక్కోవచ్చు.

పరీక్ష ఇలా. డ్రైవర్ తలుపు తియ్యగానే కింద నుంచి సన్నగా ‘జుయ్’ మని పంపు తిరిగి ఆగుతుంది. అది మామూలే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కొద్ది సెకన్లకోసారి అదే పంపు తిరుగుతూ ఉంటే ఒత్తిడి నిలవడం లేదని అర్థం. తర్వాత అరగంట ట్రాఫిక్‌లో తిప్పి, బాగా వేడెక్కాక బ్రేక్ వదిలి పాకనివ్వండి. ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు మారేటప్పుడు వణుకు ఉందా? వాలు మీద రివర్స్‌లో ఎక్కిస్తే అదురుతోందా? చల్లటి బండిలో ఇవేవీ బయటపడవు.

స్కానర్ (బండి కంప్యూటర్లలో దాగిన లోపాల కోడ్లు చదివే పరికరం) లేకుండా ఈ బండి కొనకూడదు. గేర్‌బాక్స్ మాడ్యూల్‌లో పి17బిఎఫ్, పి189సి కోడ్లు ఉంటే అవి ఒత్తిడి సమస్యవే. కోడ్లన్నీ ఖాళీగా ఉన్నా నమ్మేయకండి. రెడీనెస్ పరీక్షలు (బండి నడుస్తూ తనను తాను చేసుకునేవి) ‘పూర్తి కాలేదు’ అని చూపిస్తే, ఎవరో ఈమధ్యే చెరిపేసి ఉండొచ్చు. బ్యాటరీ తీసినా అలాగే చూపిస్తుంది కాబట్టి అడగండి, నాలుగు రోజులు నడిచాక మళ్లీ చూస్తామనండి. స్కాన్‌కి ఒప్పుకోని అమ్మకందారుతో బేరమే వద్దు.

మిగతావి త్వరగా అయిపోతాయి. స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు తెర పైకి లేవాలి, ఆపితే దిగాలి. సన్‌రూఫ్ ఉంటే మూలల్లో మగ్గునీళ్లు పోసి, కింద కార్పెట్ తడవలేదని చూసుకోవాలి. పెయింట్ మీటర్‌లో 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటే కంపెనీ రంగే అనుకోవచ్చు. 300 దాటితే కింద పుట్టీ ఉండొచ్చు.

మా ఓటు 2016 ఫేస్‌లిఫ్ట్ తర్వాతి 1.4 మాన్యువల్‌కి. ఆటోమేటిక్కే కావాలంటే తడి క్లచ్ ఉన్నది చూడండి. 6 గేర్ల తడి క్లచ్ బాక్స్‌కి 60 వేల కిలోమీటర్లకోసారి గేర్ ఆయిల్ మార్చే ఖర్చు పడుతుంది, మార్చిన బిల్లు లేకపోతే ఆ మేరకు ధర తగ్గించమనాలి. క్వాట్రో అయితే హాల్‌డెక్స్ (వెనక చక్రాలకు శక్తి పంపే క్లచ్) ఆయిల్ మూడేళ్లకోసారి మార్చాలి, పంపు జల్లెడ కూడా తీసి కడిగించాలి. ఆయిల్ ఒక్కటే మార్చి జల్లెడ జోలికి పోని మెకానిక్కులే ఎక్కువ. డీక్యూ200 బండే నచ్చితే కొత్త క్లచ్ సెట్టు, మెకట్రానిక్ రిపేరు ఖర్చు ముందే కనుక్కుని, ఆ డబ్బు పక్కన పెట్టుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.