ఆరో నరం దెబ్బతిని రెండుగా కనిపిస్తుంటే: స్టిక్కర్ ప్రిజమ్ చాలాకాలం వాడాక

స్టిక్కర్ ప్రిజమ్ అంటే రెండు బొమ్మల్ని ఒకటిగా కలపడానికి కళ్లజోడు అద్దానికి అంటించే ప్లాస్టిక్ రేకు. ఇది అందరికీ పనికిరాదు. ఏ కన్ను మూసినా రెండో బొమ్మ మాయమవుతుంటేనే ప్రిజమ్ వల్ల లాభం. ఒక కన్ను మూసుకున్నాక కూడా రెండుగానే కనిపిస్తుంటే శుక్లమో, కంటి పొడితనమో, పవర్ తేడానో చూపించుకోవాలి. హఠాత్తుగా రెండుగా కనిపించడంతో పాటు రెప్ప వాలినా, కంటిపాప పెద్దదైనా, తలనొప్పి విపరీతంగా ఉన్నా, మాట తడబడినా ప్రిజమ్ సంగతి పక్కన పెట్టి అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

కన్నును చెవి వైపుకి తిప్పే కండరాన్ని నడిపేది ఆరో నరం. అది దెబ్బతింటే కన్ను ముక్కు వైపుకి ఒరిగిపోతుంది, బొమ్మలు పక్కపక్కన కనిపిస్తాయి. దూరంగా చూసినా, దెబ్బతిన్న వైపుకి చూసినా వాటి మధ్య ఎడం పెరుగుతుంది. షుగర్, బీపీ వల్ల సన్నని రక్తనాళం మూసుకుపోయి వచ్చినదైతే చాలామందికి 3 నుంచి 6 నెలల్లో నరం కోలుకుంటుంది. కొలత మారుతూ ఉండే ఆ రోజుల్లో ఖరీదైన అద్దాలు చేయించుకోవడం దండగ. ఫ్రెనెల్ స్టిక్కర్ ప్రిజమ్ సరిగ్గా అప్పటికే. సుమారు 1 మి.మీ. మందం ఉండే ఈ మెత్తటి ప్లాస్టిక్ రేకు 1 నుంచి 40 డయాప్టర్ల (ప్రిజమ్ బలాన్ని కొలిచే యూనిట్) దాకా దొరుకుతుంది, మామూలు కళ్లజోడుకే అంటుకుంటుంది.

అంటించడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. నున్నటి వైపు అద్దం లోపలి ముఖానికి ఆనాలి, గాళ్లున్న వైపు కంటికి ఎదురుగా ఉండాలి. ఆరో నరానికి బేస్, అంటే పట్టకం మందపు అంచు, చెవి వైపుకి రావాలి. తిరగేసి పెడితే రెండు బొమ్మల ఎడం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, పెట్టుకోగానే తెలిసిపోతుంది. కొంచెం వంకరగా అంటుకుంటే మాత్రం వెంటనే పట్టుబడదు. 20 డయాప్టర్ల రేకు 5 డిగ్రీలు పక్కకి తిరిగినా దాదాపు 1.7 డయాప్టర్ల నిలువు తేడా వచ్చిపడుతుంది. ఒక బొమ్మ కాస్త పైన, ఒకటి కాస్త కింద నిలబడి తల పట్టేస్తుంది. అందుకే కత్తిరించే ముందే ఆప్టోమెట్రిస్ట్ (చూపు పరీక్షించే నిపుణుడు) చేత రేకు మీద అడ్డగీత గీయించుకోవాలి. అద్దం ఆకారం కంటే చుట్టూ ఒక మిల్లీమీటరు తక్కువగా కత్తిరిస్తే ఫ్రేమ్ అంచు రేకును లేపదు. గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో, నీటి లోపలే అంటించి, బుడగల్ని బొటనవేలితో మధ్య నుంచి అంచుకి తోసేసి, రాత్రంతా ఆరనివ్వాలి.

గాళ్లలో చేరిన మురికి గుడ్డతో పోదు. మెత్తటి బ్రష్, ఒక చుక్క తేలికపాటి సబ్బు చాలు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డ్ మీద కళ్లజోడు వదిలితే అంచులు లేస్తాయి. కాలం గడిచేకొద్దీ రేకు పసుపెక్కి బిరుసవుతుంది, అప్పుడు మార్చేయడమే.

లోపాలు కూడా చెప్పాలి. 15 డయాప్టర్లు దాటాక రేకు ఉన్న కంట్లో అక్షరాలు బాగా మసకబారతాయి, తెల్లటి వస్తువుల అంచున రంగులు కనిపిస్తాయి, రాత్రిపూట హెడ్‌లైట్లు చారలుగా సాగుతాయి. అంతకంటే పెద్ద పరిమితి ఇంకొకటి: బొమ్మలు కలిసేది ఎదురుగా చూసినప్పుడే. దెబ్బతిన్న వైపు కళ్లు తిప్పితే మళ్లీ విడిపోతాయి. కాబట్టి కళ్లు కాదు, తల తిప్పడం అలవాటు చేసుకోవాలి. దెబ్బతిన్న కంటి అద్దం మీద చెవి వైపు మూడో వంతుకి పాలరంగు మ్యాట్ టేప్ నిలువుగా అంటిస్తే పక్కన విడిపోయే బొమ్మ మసకలో కలిసిపోతుంది. నల్ల ప్యాచ్ కంటే నాకు ఈ పద్ధతే నచ్చింది. ప్యాచ్ కడితే ఆ వైపు చూపంతా పోతుంది, మెట్ల లోతు, వచ్చే ఆటో దూరం అంచనాకి అందవు. ప్రిజమ్ ఉన్నా డాక్టర్ సరేననే దాకా బండి నడపొద్దు.

నరం కోలుకుంటున్నప్పుడు ప్రిజమ్ పాత నంబరే (డయాప్టర్ల లెక్క) ఎక్కువైపోతుంది. దాన్ని ఇంట్లోనే పసిగట్టవచ్చు. దెబ్బతిన్నది ఎడమ కన్ననుకుందాం. ప్రిజమ్ కళ్లజోడుతోనే దూరంగా చూస్తూ, రెండుగా ఉన్నప్పుడు ఎడమ కన్ను మూయండి. ఎడమ పక్క బొమ్మ మాయమైతే నంబరు ఇంకా చాలడం లేదని. కుడి పక్కది మాయమైతే అవసరానికి మించి ఉందని, తగ్గించుకోవాలి. ఎంత తేడా ఉందో తెలియాలంటే గోడ మీద ఒక నిలువు గీత గీసి, దాని దగ్గర సున్నా వచ్చేలా కొలత టేపును అడ్డంగా అంటించి 3 మీటర్ల దూరంలో నిలబడాలి. రెండో గీత ఎన్ని సెంటీమీటర్ల దగ్గర కనిపిస్తే దాన్ని 3తో భాగిస్తే డయాప్టర్లు వస్తాయి, ఎందుకంటే 1 డయాప్టర్ అంటే మీటరు దూరంలో 1 సెంటీమీటరు జరుపు. వారానికోసారి రాసి పెట్టుకున్న ఈ అంకెలు డాక్టర్‌కి చాలా ఉపయోగపడతాయి.

ఆరు నెలలు దాటి కొలత స్థిరపడిందా, అది చిన్నదైతే రెండు అద్దాల్లో పంచి ప్రిజమ్‌ని లెన్స్‌లోనే చేయిస్తారు. ఒక్కో కంటికి 5, 6 డయాప్టర్ల దాకా భరించగలం, ఆపైన అద్దం అంచు మందమై బరువెక్కుతుంది. కొలత పెద్దదైతే మెల్లకన్ను సర్జన్‌ని కలవాలి.