కొత్త స్పీకర్లు కొనే ముందు డౌన్‌లోడ్ చేసుకోవాల్సినవి

ఆడియో పిచ్చి పట్టినవాళ్లకి ఆన్‌లైన్‌లో సలహాలకి కరువు లేదు. కేబుల్ మారిస్తే పాటకి ప్రాణం వచ్చిందనేవాళ్లు ఒకపక్క, అంతా భ్రమ అని కొట్టిపారేసేవాళ్లు ఇంకోపక్క. ఇక్కడ ఏరిన ప్రోగ్రాములకీ, సైట్లకీ పెట్టుకున్న షరతు ఒక్కటే: అది చెప్పేదాన్ని ఇంట్లో కూర్చుని మనమే సరిచూసుకోగలగాలి. అలా కుదరనివాటిని ఎంత పేరున్నా పక్కన పెట్టేశాం.

మొదటి పీట రూమ్ ఈక్యూ విజార్డ్‌దే. వాడేవాళ్లు ఆర్ఈడబ్ల్యూ అంటారు. స్పీకర్ల శబ్దం మన గదిలో ఎలా వినిపిస్తుందో మైకుతో కొలిచి గ్రాఫు గీసే ప్రోగ్రాం ఇది, జాన్ మల్కాహీ రాసి ఉచితంగా ఇస్తున్నాడు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఒకేసారి చాలా మైకులతో కొలిచే సౌకర్యానికి మాత్రం డబ్బు కట్టాలి, ఇంటి వాడకానికి దాంతో పని పడదు. తోడుగా కావాల్సింది ఒక కొలత మైకు. మినీడీఎస్పీ యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు తీసుకుంటే, దాని సీరియల్ నంబరు కొట్టి ఆ మైకుకే చెందిన, దాని సొంత తేడాలని సరిచేసే క్యాలిబ్రేషన్ ఫైలు దించుకోవచ్చు. అయితే వచ్చేవి రెండు ఫైళ్లు, తప్పు జరిగేదీ ఇక్కడే. మైకుని స్పీకర్ల వైపు గురిపెడితే 0 డిగ్రీల ఫైలు, పైకప్పు వైపు నిలబెడితే 90 డిగ్రీల ఫైలు. తారుమారైతే బాస్‌లో తేడా తెలీదు కానీ ట్రెబుల్ కొన్ని డెసిబెల్స్ తప్పుగా కనిపిస్తుంది. అది నిజమనుకుని ట్రెబుల్ దిద్దడం మొదలుపెడితే అంతే సంగతులు. ఈ మైకు 48 కిలోహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి ప్రోగ్రాంలోనూ, సిస్టమ్ సౌండ్ సెట్టింగుల్లోనూ అదే రేటు ఉండాలి.

మైకుని స్టాండు మీద, వినేటప్పుడు తల ఉండే చోట, చెవి ఎత్తులో పెట్టాలి. చేత్తో పట్టుకోకూడదు, సోఫా వీపుకి ఆనించకూడదు. అక్కడ శబ్దం సుమారు 75 డెసిబెల్స్ వచ్చేలా వాల్యూమ్ సర్ది, ఎడమ స్పీకరు ఒకసారి, కుడిది ఒకసారి, రెండూ కలిపి ఒకసారి స్వీప్ (కింది స్వరం నుంచి పై స్వరం దాకా సాగే పరీక్ష శబ్దం) నడపాలి. ఫ్యాను, ఏసీ ఆపేయండి. మొత్తం పది నిమిషాల పని.

గ్రాఫు తెరవగానే చాలామంది గుండె జారిపోతుంది. 300 హెర్ట్జ్ కింద గుట్టలూ గోతులూ తప్ప ఇంకేమీ ఉండదు. ఇందులో ఎక్కువ భాగం స్పీకరు తప్పు కాదు, గది చేసే పని. గోడకీ గోడకీ మధ్య దూరం 4.2 మీటర్లు అనుకోండి. ధ్వని వేగం 343ని ఆ దూరానికి రెట్టింపైన 8.4తో భాగిస్తే 41 వస్తుంది. 41 హెర్ట్జ్ దగ్గర గుట్ట కనిపిస్తే అది ఆ రెండు గోడల మోడ్, అంటే వాటి మధ్య అల నిలిచిపోయి గట్టిగా మోగే చోటు. గోతులకి ఇంకో లెక్క ఉంది. స్పీకరు వెనక గోడకి 0.9 మీటర్ల దూరంలో ఉంటే, 343ని ఆ దూరానికి నాలుగింతలైన 3.6తో భాగించండి. 95 హెర్ట్జ్ దగ్గర గోడ నుంచి తిరిగొచ్చిన అల నేరుగా వచ్చే అలని తినేస్తుంది. గుట్టని ఈక్వలైజర్‌తో (ఒక్కో స్వరాన్ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) కోయొచ్చు కానీ గొయ్యిని పూడ్చలేం. అక్కడ శబ్దం పెంచితే తిరిగొచ్చే అలా అంతే పెరిగి మళ్లీ కొట్టేసుకుంటుంది. 10 డెసిబెల్స్ పెంచామంటే ఆంప్ పదింతల పవర్ ఇవ్వాలి, దక్కేది ఏమీ ఉండదు. గొయ్యికి మందు స్పీకర్నో కుర్చీనో జరపడమే. ఒక్కోసారి 30 సెంటీమీటర్లు చాలు. కుర్చీ సరిగ్గా గది మధ్యలో ఉంటే మొదటి మోడ్ బాస్ అసలు వినిపించదని కూడా గుర్తుంచుకోవాలి.

ఆర్ఈడబ్ల్యూలోని ఈక్యూ (ఈక్వలైజర్) విండోలో సరిదిద్దే పరిధిని 30 నుంచి 300 హెర్ట్జ్‌కే పరిమితం చేసి, పెంచే హద్దు రెండు చోట్లా (ఒక్కో ఫిల్టర్‌కీ, మొత్తానికీ) 0 డెసిబెల్స్ పెట్టండి. గ్రాఫు గీతని నునుపు చేసే స్మూతింగ్‌ని వేరియబుల్‌లో ఉంచండి. ప్రోగ్రామే ఫిల్టర్లు లెక్కగట్టి టెక్స్ట్ ఫైలుగా ఇస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దాకా గీతని చదును చెయ్యాలన్న యావ ఈ ప్రోగ్రాం వాడేవాళ్లందరికీ ఒకసారి పట్టే జబ్బు. మైకుని ఒక అంగుళం జరిపితే ఆ పై గీతలన్నీ మారిపోతాయి, కాబట్టి ఆ దిద్దుబాటు ఆ ఒక్క అంగుళానికే పనికొస్తుంది.

ఆ ఫైలులోని ఫిల్టర్లని కంప్యూటర్ శబ్దం మీద నడిపేది ఈక్వలైజర్ ఏపీఓ. విండోస్‌కి మాత్రమే, ఇదీ ఉచితం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వచ్చే పరికరాల జాబితాలో మీ డ్యాక్ (డిజిటల్ ఫైలుని శబ్ద సంకేతంగా మార్చే పరికరం) పేరు పక్కన టిక్ పెట్టి, కంప్యూటర్ రీస్టార్ట్ చెయ్యాలి. తర్వాత కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఫిల్టర్ ఫైలు పడేసి, ప్రధాన ఫైలులో దాన్ని ఇంక్లూడ్ చేస్తే చాలు. ఏమీ మారలేదంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: ప్లేయర్ ఏఎస్ఐఓలోనో, వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లోనో నడుస్తూ ఉంటుంది. ఆ దారుల్లో శబ్దం ఈ ప్రోగ్రాం గడప తొక్కకుండానే డ్యాక్‌కి వెళ్లిపోతుంది. షేర్డ్ మోడ్‌కి మార్చండి.

హెడ్‌ఫోన్ల వాళ్లకి మైకు బెడద లేదు. ఆటోఈక్యూలో మోడల్ పేరు వెతికితే వేల హెడ్‌ఫోన్లకి సిద్ధంగా ఉన్న ఫిల్టర్లు దొరుకుతాయి. హర్మన్ టార్గెట్‌కి (ఎక్కువమందికి నచ్చుతుందని పరిశోధనలో తేలిన శబ్దపు తీరు) దగ్గరగా తెచ్చేలా లెక్కగట్టినవి. పైన ప్రీఆంప్ అని, మొత్తం శబ్దాన్ని ముందే తగ్గించే మైనస్ 6 డెసిబెల్స్ లాంటి అంకె ఉంటుంది, దాన్ని వదిలేసి మిగతావి కాపీ చేసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. అప్పుడు పెంచిన చోటల్లా సిగ్నల్ క్లిప్ అయి (హద్దు దాటి పైభాగం తెగిపోయి) డ్రమ్ దెబ్బ చిరిగినట్టు వినిపిస్తుంది. 8 కిలోహెర్ట్జ్ పైన ఇచ్చే సన్నటి ఫిల్టర్లని మేమైతే తీసేస్తాం. అక్కడి శిఖరాలు చెవి ఆకారాన్ని బట్టీ, హెడ్‌ఫోన్ కూర్చున్న తీరుని బట్టీ మారతాయి. కొలిచిన కృత్రిమ చెవి మన చెవి కాదు కదా.

రికార్డులు తిప్పేవాళ్లకి వినైల్ ఇంజిన్ ఒక గని. పాత టర్న్‌టేబుళ్ల మాన్యువళ్లు, కార్ట్రిడ్జ్‌ల (సూదిని పట్టి ఉంచే డబ్బా) వివరాలు, సూది కోణం సరిచూసే ప్రొట్రాక్టర్లు అన్నీ అందులో ఉంటాయి. దించుకోవాలంటే పేరు నమోదు చేసుకోవాలి, అదీ ఉచితమే. ప్రొట్రాక్టర్ కాగితం ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపోయేలా కుదించే సెట్టింగు తీసేసి 100 శాతం పెట్టండి. తర్వాత స్కేలుతో కొలిచి చూడండి. బేర్‌వాల్డ్ అనే అమరిక పద్ధతిలో స్పిండిల్ (రికార్డు రంధ్రంలో దూరే కడ్డీ) మధ్య నుంచి రెండు చుక్కల దూరం 66 మిల్లీమీటర్లు, 120.9 మిల్లీమీటర్లు ఉండాలి. రెండో చుక్క 117 దగ్గర తేలితే ప్రింటరు కాగితాన్ని కుదించేసిందన్నమాట. ఆ కాగితం చింపేసి మళ్లీ మొదలుపెట్టాలి. సూది మొనని రెండు చుక్కల మీదా ఆనించి చూసినప్పుడు గీతలకి సమాంతరంగా ఉండాల్సింది కార్ట్రిడ్జ్ డబ్బా కాదు, కింద సూదిని మోసే సన్నటి కడ్డీ, అంటే క్యాంటిలీవర్. డబ్బాని నమ్ముకుంటే, క్యాంటిలీవర్ కాస్త వంకరగా అతికిన కార్ట్రిడ్జ్ మోసం చేస్తుంది. చూసేంతసేపూ యాంటీస్కేట్ (ఆర్మ్‌ని బయటికి లాగే సర్దుబాటు) సున్నాలో ఉండాలి, ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) కదలకూడదు.

అక్కడే ఆర్మ్‌కీ కార్ట్రిడ్జ్‌కీ జోడీ కుదురుతుందో లేదో చూసే రెజొనెన్స్ లెక్క కూడా ఉంది. ఆర్మ్ ఎఫెక్టివ్ మాస్ (సూది దగ్గర ఆర్మ్ చూపే బరువు), కార్ట్రిడ్జ్, స్క్రూల బరువులు కూడి, దాన్ని కంప్లయన్స్‌తో (సూది ఎంత తేలిగ్గా కదులుతుందో చెప్పే అంకె) హెచ్చవేసి, వర్గమూలం తీసి, 159ని దాంతో భాగించాలి. 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య వస్తే మంచిది. మొత్తం బరువు 18 గ్రాములు, కంప్లయన్స్ 9 అనుకుంటే 12.5 వస్తుంది, అంటే జోడీ కుదరనట్టు. కానీ జపాన్ కంపెనీలు చాలావరకు కంప్లయన్స్‌ని 100 హెర్ట్జ్ దగ్గర కొలిచి చెబుతాయి, ఈ లెక్కకి కావాల్సింది 10 హెర్ట్జ్ దగ్గరి విలువ. ఉజ్జాయింపుగా ఒకటిన్నర నుంచి రెండింతలు చేసుకోవాలి. 9 బదులు 16 వేస్తే 9.4 హెర్ట్జ్, హాయిగా సరిపోతుంది. ఈ ఒక్క మెలిక తెలీక మంచి కార్ట్రిడ్జ్‌లని వద్దనుకున్నవాళ్లు ఎంతమందో.

సీడీల గుట్ట ఇంకా దాచుకున్నవాళ్లు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించడానికి (దీన్నే రిప్ చెయ్యడం అంటారు) ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడాలి. మ్యాక్‌లో అయితే ఎక్స్ఎల్‌డీ. దీనికి బలం అక్యురేట్‌రిప్ డేటాబేస్: అదే సీడీని చదివిన ఇతరుల ఫలితాలతో మన ఫలితాన్ని పోలుస్తుంది. ప్రతి డ్రైవూ కొన్ని శాంపిల్స్ (శబ్దాన్ని దాచిన అంకెలు) ముందుకో వెనక్కో జరిగి చదువుతుంది కాబట్టి ముందు ఆ జరుగుడుని, అంటే ఆఫ్‌సెట్‌ని సరిచెయ్యాలి. 667 శాంపిల్స్ తేడా అంటే 15 మిల్లీసెకన్లు. చెవికి తెలీదు, పోలికకి మాత్రం అడ్డమొస్తుంది. డేటాబేస్‌లో ఉన్న సీడీ ఏదైనా డ్రైవులో పెడితే ప్రోగ్రామే ఆఫ్‌సెట్ పట్టేస్తుంది, పట్టకపోతే ఇంకో సీడీ పెట్టి చూడండి. సెక్యూర్ మోడ్, టెస్ట్ అండ్ కాపీ ఎంచుకుని, సీ2 (చదివేటప్పుడు లోపాల గురించి డ్రైవే ఇచ్చే సమాచారం) వాడకం ఆపేయండి. చాలా డ్రైవులు దాన్ని సరిగ్గా ఇవ్వవు. లాగ్‌లో పోలిక కుదరలేదని వచ్చినంత మాత్రాన రిప్ పాడైనట్టు కాదు, మీది వేరే ముద్రణ కావచ్చు. టెస్ట్ సీఆర్‌సీ, కాపీ సీఆర్‌సీ (రెండుసార్లు చదివిన డేటాకి వేలిముద్రల్లాంటి అంకెలు) ఒకటేనా చూడండి. రెండూ వేరైతే మాత్రం చదవడంలో తప్పు దొర్లినట్టే. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచి మళ్లీ చదివించండి, గుండ్రంగా తుడవొద్దు. అప్పటికీ కుదరకపోతే క్యూటూల్స్ డేటాబేస్ చిన్న చిన్న లోపాలని పూడ్చి ఇస్తుంది.

పేర్లు, కవర్లు సర్దడానికి మ్యూజిక్‌బ్రెయిన్జ్ పికార్డ్ ఉంది. ఫైళ్లు వెయ్యగానే స్కాన్ నొక్కొద్దు. ఒకే పాట పది సంకలనాల్లో ఉంటుంది కాబట్టి ఆల్బం చెట్టుకొకటి పుట్టకొకటి అయిపోతుంది. ముందు క్లస్టర్, తర్వాత లుకప్, అప్పటికీ మిగిలినవాటికే స్కాన్. రికార్డు ఏ ముద్రణో తేల్చుకోవడానికి డిస్కాగ్స్‌ని మించింది లేదు. కవరు బొమ్మ చూసి కాక, చివరి గాడి పక్కన చెక్కిన మ్యాట్రిక్స్ అక్షరాలు పోల్చి చూడండి.

ఆల్బంలో శిఖరాలకీ సగటు శబ్దానికీ మధ్య తేడాని అంకెలో చూపే డైనమిక్ రేంజ్ డేటాబేస్ గురించి మాత్రం కాస్త జాగ్రత్త. ఒకే ఆల్బం సీడీ ముద్రణల మధ్య పోలికకి అది బాగా పనికొస్తుంది. రికార్డు నుంచి ఎక్కించిన ఫైలుకి మూడు నాలుగు అంకెలు ఎక్కువ కనిపిస్తే మురిసిపోవద్దు. అదే మాస్టర్‌ని (ముద్రణకి సిద్ధం చేసిన తుది రికార్డింగ్) రికార్డు మీద కోసి సూదితో చదివినప్పుడు అలల శిఖరాలు మారి, మీటరు ఎక్కువ చూపిస్తుంది.

ఆంప్ చేత్తో కట్టుకునేవాళ్లకి ఎలియట్ సౌండ్ ప్రొడక్ట్స్ సర్క్యూట్లు చాలు. అక్కడ మాకు నచ్చేది సర్క్యూట్ బొమ్మల కన్నా మొదటిసారి కరెంటు ఇచ్చే పద్ధతి. ఫ్యూజుల బదులు రెండు సప్లై లైన్లలోనూ 22 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్లు పెట్టాలి, స్పీకరు తగిలించకూడదు. ఎక్కడో షార్ట్ ఉంటే రెసిస్టర్ వేడెక్కి పొగ వస్తుంది, ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. బయాస్ (పాట లేనప్పుడూ ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) కూడా వాటి మీదే కొలవొచ్చు. 75 మిల్లీ ఆంపియర్లు కావాలంటే రెసిస్టర్ మీద 1.65 వోల్టులు వచ్చేదాకా ట్రిమ్‌పాట్ (బోర్డు మీది చిన్న సర్దుబాటు మర) తిప్పాలి. అయితే మల్టీమీటరు పట్టడం రానివాళ్లకి కాదు ఇది.

చివరిగా ఫూబార్2000 అనే ప్లేయర్‌కి తగిలించే ఏబీఎక్స్ కంపారేటర్. ఏమీ కోల్పోకుండా కుదించిన ఫ్లాక్‌కీ ఎంపీ3కీ తేడా వినిపిస్తుందనేవాళ్లు రెండు ఫైళ్లూ అందులో వేసి, ఏది ఏదో తెలీకుండా 16 సార్లు గుర్తుపట్టాలి. గుడ్డిగా ఊహించేవాళ్లకి 12 గానీ అంతకన్నా ఎక్కువ గానీ సరయ్యే అవకాశం నూటికి నాలుగు లోపే. రెండు ఫైళ్ల వాల్యూమ్ సమానంగా లేకపోతే పరీక్ష దండగ. అర డెసిబెల్ తేడాని కూడా చెవి వాల్యూమ్‌గా కాక నాణ్యతగా వింటుంది. వాల్యూమ్‌ని సమం చేసే రీప్లేగెయిన్ ఆన్ చేసి మొదలుపెట్టండి. ఎన్నిసార్లు చెయ్యాలో ముందే అనుకోండి, మధ్యలో స్కోరు బాగుందని ఆపితే ఆ అంకె చెల్లదు.